పీకల్లోతా, తలమునకలా? 'అప్ టు హిజ్ నెక్' తెచ్చిన తంటా

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను. ఏమీ అనుకోకండి, ఇదే గోతిలో నేనూ పడ్డవాణ్ణే. మీరు ఇటువైపు నుంచి పడ్డారు, నేను అటువైపు నుంచి.

మిగతావాళ్ళకి అర్థం కావడానికి సంగతి క్లుప్తంగా చెప్తాను. మీరు విజయనగరంలో ఇంటి నుంచే ఒక విదేశీ కంపెనీకి పని చేస్తున్నారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దగ్గర పడి ఊరంతా చుట్టాలతో కిటకిటలాడుతుంటే, మీ టీమ్‌లో ఒకాయన బిల్లింగ్ లెక్కల్లో వచ్చిన తేడాలు సరిచేస్తూ పండగ సందడి కూడా మానుకుని కూర్చున్నాడు. ఆయన పనిలో తలమునకలుగా ఉన్నాడు, ఇంకో పని అప్పజెప్పొద్దు అని మేనేజరుకి చెప్పాలనుకున్నారు. 'హి ఈజ్ అప్ టు హిజ్ నెక్ ఇన్ దిస్ బిల్లింగ్ మెస్' అని మెయిల్ పెట్టారు. పది నిమిషాల్లో ఆవిడ దగ్గర్నుంచి జవాబు: 'వాట్ హ్యాజ్ హి డన్?' ఆయన ఏం చేశాడు అని! డిక్షనరీలో 'చాలా బిజీగా ఉండటం' అనే ఉంది కదా, నా తప్పేమిటి అని మీరు అడుగుతున్నారు.

డిక్షనరీ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ మాటకి రెండు ముఖాలున్నాయి. పనిలోనో అప్పులోనో కష్టంలోనో బాగా మునిగి ఉండటం ఒకటి. ఏదైనా తప్పుడు వ్యవహారంలో పూర్తిగా భాగం ఉండటం రెండోది. 'నెక్' అన్నప్పుడు, అందులోనూ వేరే మనిషి గురించి అన్నప్పుడు, పక్కన 'మెస్', 'స్కాండల్', 'ఫ్రాడ్' లాంటి మాట కూడా చేరితే, ఇంగ్లీషువాళ్ళ చెవికి ముందు తగిలేది ఆ రెండో అర్థమే. మీరు మూడూ కలిపి ఒకే వాక్యంలో పెట్టారు. పాపం ఆయన నిద్ర మానుకుని లెక్కలు దిద్దుతుంటే, ఈ గోల్‌మాల్‌లో ఆయన హస్తం ఉందని మీరు పై ఆఫీసుకి రాసినట్టయింది.

ఇప్పుడు నా సంగతి. శ్రీకాకుళంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడం మొదలుపెట్టకముందు కొన్నాళ్ళు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. టెలిప్రింటర్ మీద ఇంగ్లీషులో వచ్చే వార్తల్ని చింపుకుని తెలుగు చెయ్యడం నా పని. ఒక రాత్రి ఎక్కడో పరాయి దేశం మంత్రి ఒకాయన కుంభకోణంలో 'అప్ టు హిజ్ నెక్' అని వార్త వచ్చింది. కొత్త ఉత్సాహం, డిక్షనరీ పక్కనే ఉంది. 'కుంభకోణంలో తలమునకలుగా ఉన్న మంత్రి' అని హెడ్డింగ్ పెట్టి పంపేశాను. మా చీఫ్ సబ్ ఎడిటరు గారు ప్రూఫ్ చూసి, కళ్ళజోడు నుదుటిమీదకి తోసుకుని, "ఏం బాబూ, మంత్రిగారికి కుంభకోణం చెయ్యడంతోనే సరిపోతోందా, అన్నం తినడానికైనా తీరిక దొరుకుతోందా?" అన్నారు. డెస్కంతా ఘొల్లుమంది. వారం రోజులపాటు టీ కొట్టుకి ఎవరు ఆలస్యంగా వచ్చినా "కుంభకోణంలో తలమునకలుగా ఉన్నానండీ" అనేవారు. ఆ రాత్రి ఆయనే 'తలమునకలుగా ఉన్న' కొట్టేసి 'పీకల్లోతు కూరుకుపోయిన' అని రాశారు. అంతే, వార్త సరైపోయింది.

చూశారా, మీరు తెలుగులో తలమునకలు అనుకుని ఇంగ్లీషులో పీక దగ్గర ఆగారు. నేను ఇంగ్లీషులో పీక చూసి తెలుగులో తల ముంచేశాను. బెత్తెడు తేడా, ఇద్దరం పప్పులో కాలేశాం.

ఆ బెత్తెడు ఎందుకంత ముఖ్యమో ఏ వ్యాకరణ పుస్తకమూ నాకు చెప్పలేదు, నది చెప్పింది. మా అమ్మమ్మగారి ఊరు నాగావళి అవతలి ఒడ్డున. వంతెన మీద నుంచి వెళ్ళాలంటే బోలెడు దూరం చుట్టు తిరగాలి. అందుకని వేసవిలోనూ, వానలు తగ్గాకా రేవు దగ్గర నడిచే దాటేసేవాళ్ళం. ముందు మావయ్య దిగేవాడు. చేతిలో వెదురుకర్ర, నెత్తిమీద బట్టల మూట. మేం ఒడ్డున నిలబడి "ఎంతుంది మావయ్యా?" అని అరిచేవాళ్ళం. "పిక్కలోతే, వచ్చీండి!" అని మొదలయ్యేది. కాస్త నడిచాక "మోకాల్లోతు!" ఇంకాస్త లోపలికి వెళ్ళాక "మొల్లోతున్నాది, గుంటల్ని ఎత్తుకోండి!" (గుంటలంటే మా వైపు పిల్లలు.) ఆయన నోట్లోంచి 'రొమ్ములోతు' అన్న మాట వచ్చిందంటే ఆ పూటకి ప్రయాణం లేనట్టే, మూటలు సర్దుకుని ఇంటికి. నాగావళికి ఒక గుణం ఉంది. ఇక్కడ మన నెత్తిమీద ఎండ మండిపోతున్నా, పైన ఒడిశా కొండల్లో వానపడితే చాలు, చూస్తుండగానే నీళ్ళు పెరిగిపోతాయి. అడుగు వేసేముందు లోతు తెలియాలి. కొలబద్ద ఎవరు మోసుకొస్తారు? ఒళ్ళే కొలబద్ద.

ఇంగ్లీషువాడి కొలబద్దా అదే. 'నీ డీప్', 'వేస్ట్ డీప్', 'అప్ టు ది నెక్', 'అప్ టు ది ఇయర్స్', 'అప్ టు ది ఐబాల్స్'. మోకాలు, నడుము, మెడ, చెవులు, కనుగుడ్లు. మావయ్య వెదురుకర్ర పట్టుకుని ఇంగ్లండు ఏట్లో దిగినట్టే ఉంటుంది.

ఇక పీకలోతులో ఉన్నవాణ్ణి ఊహించుకోండి. కాళ్ళు ఇంకా నేలకి ఆనుతున్నాయి, ఊపిరి ఆడుతోంది, మొహం అందరికీ కనిపిస్తోంది. ఇంకొక్క అడుగు తప్పితే అంతే. అంటే అపాయం. అందుకే మనం పీకల్లోతు అప్పులు, పీకల్లోతు కష్టాలు అంటాం. పీకల్లోతు ప్రేమ అని కూడా అంటాం, దాన్ని ఏ ఖాతాలో వెయ్యాలో మీ ఇష్టం. తలమునక అయినవాడు అసలు కనపడడు. పిలిచినా వినపడదు. పెళ్ళి పనుల్లోనో, జనవరిలో సంక్రాంతి బట్టలు కుడుతూనో, మార్చిలో పన్ను వసూళ్ళలోనో మునిగినవాడి పరిస్థితి అచ్చం ఇదే కదా, పిలిస్తే పలకడు. అందుకని పనికి 'తలమునకలు' కుదిరింది, ముప్పుకి 'పీకల్లోతు' కుదిరింది అని నా ఊహ. 'పీకల్లోతు పనిలో ఉన్నాడు' అనేవాళ్ళూ లేకపోలేదు. కానీ 'తలమునకలుగా అప్పుల్లో ఉన్నాడు' అంటే మాత్రం అప్పులు చెయ్యడమే వాడి ఉద్యోగమేమో అనిపిస్తుంది.

మన దగ్గర ఇంకో సరుకు ఉంది, బురద. ఆషాఢ, శ్రావణాల్లో మన జిల్లాల్లో ఉభాలు, అంటే వరినాట్లు, జరుగుతున్నప్పుడు మళ్ళలో దిగి చూడండి. పిక్కలదాకా దిగిన కాలు పైకి లాగాలంటే చప్పుడుతో గానీ రాదు. నీళ్ళలో మునిగినవాడు ఈదుకుని రాగలడు, బురదలో దిగబడ్డవాడు ఎంత పెనుగులాడితే అంత లోపలికి పోతాడు. అందుకే తప్పుడు పనుల్లో ఇరుక్కున్నవాడి గురించి మనం 'మునిగాడు' కంటే 'కూరుకుపోయాడు' అంటాం, అప్పులకి 'ఊబి' అంటాం. మా చీఫ్ సబ్ ఎడిటరు గారు ఆ రాత్రి 'పీకల్లోతు' పక్కన 'కూరుకుపోయిన' ఎందుకు చేర్చారో నాకు చాలా ఏళ్ళకి గానీ వెలగలేదు.

ఇలాంటిదే 'పీకలమీదకొచ్చింది' అన్న మాట. దీన్ని చూసి 'అప్ టు ది నెక్' అని తర్జుమా చేసేవాళ్ళని చూశాను. కానీ అది లోతు గురించిన మాట కాదు. గడువు దగ్గరపడి ఇంక తప్పించుకునే దారి లేనప్పటి మాట.

ఇంగ్లీషు అవయవాల్లో నాకు బాగా నచ్చేది మోచెయ్యి. 'అప్ టు ది ఎల్బోస్'. దీన్ని పాఠంలో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా అత్తగారినే తలుచుకునేవాణ్ణి. ఏప్రిల్ నెలాఖరు, మధ్యాహ్నం. వరండాలో పెద్ద బేసిన్ నిండా మామిడికాయ ముక్కలు, వాటిమీద కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె. ఆవిడ రెండు చేతులూ మోచేతులదాకా లోపలికి పెట్టి అడుగు నుంచి పైకి కలుపుతున్నారు. అప్పుడే ఫోన్ మోగింది. నుదుటిమీద చెమట కారి కంట్లో పడుతోంది, తుడుచుకోడానికి చెయ్యి లేదు. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టింది. ఆవిడ "ఎవులూ?" అని, అవతలి మాట పూర్తి కాకుండానే "నా చేతులు ఖాళీ లేవు, రాత్రి మాట్లాడతాను" అని గెడ్డంతో పిల్లకి సైగ చేశారు. 'అప్ టు ది ఎల్బోస్' అంటే అదే. పని ఎక్కువ అనే కాదు, చేతులు పెట్టి స్వయంగా చేస్తున్నామని, మధ్యలో వదిలేస్తే పాడవుతుందని. మీ సహోద్యోగి చేస్తున్నది నిజానికి ఇలాంటి పనే. 'హి ఈజ్ అప్ టు హిజ్ ఎల్బోస్ ఇన్ ద బిల్లింగ్ డేటా' అని రాసి ఉంటే మేనేజరుకి అనుమానం వచ్చేది కాదు. 'మెస్' అన్న మాట తీసేశాననేది గమనించండి.

మోకాలి సంగతి త్వరగా చెప్పేస్తాను. 'నీ డీప్' అంటే పని బాగానే ఉంది, ఇంకా నడవగలుగుతున్నాం అని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసిన వారంలో, నా పాత శిష్యుడొకడు పలాస వైపు సాయం చెయ్యడానికి వెళ్ళాడు. సిగ్నల్ దొరికిన చోట నిలబడి 'నీ డీప్ ఇన్ రిలీఫ్ వర్క్, సర్' అని మెసేజ్ పెట్టాడు. నలభై ఏళ్ళ ఇంగ్లీషు ఆ క్షణంలో నా బుర్రలోంచి ఎగిరిపోయింది, వాడు మోకాల్లోతు వరదలో నిలబడ్డాడనుకున్నాను. కంగారుపడి ఫోన్ చేస్తే ఎంతకీ కలవలేదు. తీరా దొరికాక చూస్తే వాడు ఒక స్కూలు అరుగుమీద కూర్చుని బియ్యం సంచుల లెక్క రాస్తున్నాడు.

చెవులు, కళ్ళు, కనుగుడ్లు మూడూ దాదాపు ఒకటే. పైకి వెళ్ళేకొద్దీ కాస్త విసురు ఎక్కువ, కాస్త వెటకారం ఎక్కువ. పనికీ అప్పుకీ రెండింటికీ వాడతారు. మీకు కావలసిన 'తలమునకలు' ఇక్కడుంది: 'అప్ టు హిజ్ ఇయర్స్ ఇన్ వర్క్'. అమెరికావాళ్ళు సరదాగా ఒక మాట అంటారు: మొసళ్ళ మధ్య పీకల్లోతులో ఉన్నప్పుడు, మనం దిగింది చిత్తడి ఎండగట్టడానికని గుర్తుండదట. ఆఫీసు పని చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. అసలు పని ఏమిటో మరిచిపోయి, దానివల్ల పుట్టిన తలనొప్పులతోనే రోజు గడిచిపోతుంది.

ఇక మీరు ఈసారి తప్పించుకున్నారు గానీ, రేపు తప్పక పడబోయే గొయ్యి ఒకటుంది. 'తలమునకలు' మాటకి మాట ఇంగ్లీషు చేస్తే 'ఇన్ ఓవర్ మై హెడ్' వస్తుంది. తల మీదుగా నీళ్ళు వెళ్ళిపోయాయి అని. చూడ్డానికి ఎంత చక్కగా సరిపోయిందో! కానీ ఇంగ్లీషులో దాని అర్థం 'ఈ పని నా తాహతుకి మించింది, నాకు చేతకావడం లేదు' అని. మనకి తల మునగడం శ్రద్ధకి గుర్తు, వాళ్ళకి చేతకానితనానికి గుర్తు. కొత్త ప్రాజెక్టు ఇచ్చిన వారంలో 'ఐయామ్ ఇన్ ఓవర్ మై హెడ్' అని రాశారనుకోండి, మీరు కష్టపడుతున్నారని మెచ్చుకోవడం మాట అటుంచి, ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం గురించి ఇదే ముక్క చెప్పి, బయటికొచ్చి "బాగా చెప్పాను సార్" అని నాకు ఫోన్ చేసిన కుర్రాడున్నాడు. ఏమనను?

చేతుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి దగ్గర టైలరుని "ఎలా ఉందయ్యా వ్యాపారం?" అంటే "చేతినిండా పనుంది బాబూ" అని నవ్వుతాడు. అది సంతోషం. ఇంకో చొక్కా గుడ్డ ఇచ్చినా కాదనడు. ఇంగ్లీషులో 'ఐ హ్యావ్ మై హ్యాండ్స్ ఫుల్' అంటే ఇంక నా మీద ఏమీ పెట్టకండి అని. గుడ్డ తీసుకోడు. అలాగే 'ఐయామ్ టైడ్ అప్' అంటే పనిలో ఉన్నాను, తరవాత మాట్లాడతాను అని. 'మై హ్యాండ్స్ ఆర్ టైడ్' అంటే చెయ్యాలని ఉన్నా చెయ్యలేను, రూల్స్ ఒప్పుకోవు అని. మొదటిది చెప్తే వాళ్ళు గంటాగి మళ్ళీ ఫోన్ చేస్తారు, రెండోది చెప్తే ఇంక మీ మొహం చూడరు.

'అప్ టు' మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. 'వాట్ ఆర్ యూ అప్ టు?' అనేది మామూలు పలకరింపే. కానీ 'హి ఈజ్ అప్ టు సమ్‌థింగ్' అంటే వాడేదో మాయ చేస్తున్నాడు అని. మీ వాక్యం మేనేజరుకి అంత తొందరగా అనుమానంగా వినపడటానికి ఈ వాసన కూడా కొంత కారణం అయ్యుండొచ్చు.

వ్యాకరణం రెండు ముక్కలే. 'అప్ టు మై ఇయర్స్' తరవాత 'ఇన్' రావాలి, ఎందుకంటే మునిగేది ఏదో ఒకదానిలో కదా. చెవులు, కళ్ళు, మోచేతులు ఎప్పుడూ బహువచనం, మెడ ఒక్కటే. ఒక విద్యార్థి 'అప్ టు మై ఇయర్' అని రాస్తే, ఒక పక్కకి ఒరిగి మునిగావా నాయనా అని మార్జిన్‌లో రాశాను.

అడగకపోయినా ఇంకో సరదా సంగతి చెప్తాను. ఇంగ్లీషులో 'ఓవర్ షూస్, ఓవర్ బూట్స్' అని పాత సామెత ఒకటుంది. చెప్పులు ఎలాగూ తడిశాయి, బూట్లు తడిస్తే మాత్రం ఏమిటి అని. షేక్‌స్పియర్ 'ద టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా' మొదటి రంగంలోనే ఇద్దరు మిత్రులు ప్రేమ గురించి ఈ చెప్పులూ బూట్ల మాటతోనే ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఫుట్‌నోట్ అక్కర్లేకపోయింది. మా ఇంట్లో ప్రతి పెళ్ళికీ బడ్జెట్ దాటగానే మా నాన్నగారు అనే మాటే అది: "నిండా మునిగినవాడికి చలేమిట్రా, లైటింగు కూడా పెట్టించీ!" నీళ్ళు, లోతు, తెగింపు, మూడూ ఉన్నాయి. ఇలాంటి జోడీ దొరికినప్పుడు కలిగే ఆనందం కోసమే నేను ఇన్నేళ్ళు ఈ పని చేశానేమో.

డిక్షనరీ పారెయ్యమని నేను చెప్పను. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లా మాది. సవర గిరిజనుల భాషని ఆయన వాళ్ళ నోట విని నేర్చుకున్నారు, ఆ తరవాతే దానికి నిఘంటువు తయారుచేశారు. వరస అదీ. మీరు కూడా మీ మేనేజరు మెయిళ్ళు ఒక పాతిక వెనక్కి వెళ్ళి చదవండి. ఆవిడ తన గురించి ఏ అవయవం వాడుతోంది, ఎదుటివాళ్ళ గురించి ఏది వాడుతోంది చూడండి. తన గురించి తాను 'అప్ టు మై నెక్' అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. వేరేవాళ్ళ గురించి రాసేటప్పుడు మాత్రం మెడ జోలికి పోకండి, చెవులకో మోచేతులకో ఎక్కండి.

ఇప్పటికి చెయ్యాల్సిందల్లా, ఆవిడకి ఇంకో మెయిల్ పెట్టడం. పెద్ద సంజాయిషీలు వద్దు, ఐడియమ్స్ అసలే వద్దు, ఒక్క 'హ్యాండ్స్ ఫుల్' చాలు: 'సారీ, ఐ పుట్ దట్ బ్యాడ్లీ. హి హ్యాజ్ డన్ నథింగ్ రాంగ్. హి హ్యాజ్ హిజ్ హ్యాండ్స్ ఫుల్ ఫిక్సింగ్ ద బిల్లింగ్ ఎర్రర్స్, సో ప్లీజ్ డోంట్ గివ్ హిమ్ ఎనీథింగ్ ఎల్స్ దిస్ వీక్.' కాపీ ఆయనకి కూడా పెట్టండి, పాత మెయిల్ ఇంకెవరి ద్వారానో ఆయన చెవిన పడకముందే. మంగళవారం సిరిమాను ఊరేగింపు మూడు లాంతర్ల కూడలి దగ్గర బయల్దేరేసరికి ఆ మనిషి లాప్‌టాప్ మూసి రోడ్డుమీద ఉండేలా చూడండి.